షుగరు దిగాక చూపు మసకబారితే

శ్రోతలకు నమస్కారం.

కంటి డాక్టర్ల దగ్గర షుగరు పేషెంట్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "షుగరు 400 ఉన్నన్నాళ్లూ చూపు బాగానే ఉంది. మందులు సరిగ్గా వాడి 140కి తెచ్చుకున్నాక మసక మొదలైంది. ఇదేం న్యాయం డాక్టరు గారూ?" అడగాల్సిన ప్రశ్నే.

ఈ మసక కొన్నిసార్లు పెద్ద భయపడాల్సిందేమీ కాదు. రక్తంలో చక్కెర మారినప్పుడు కంట్లోని లెన్సులో నీటి శాతం మారి, అద్దాల పవరు అటూ ఇటూ అవుతుంది. కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. ఆ హడావిడిలో కొత్త కళ్లజోడు చేయించుకున్నారా, డబ్బు దండగే!

అసలు చిక్కు రెటీనాది, అంటే కంటి వెనక వెలుతురును పట్టే పల్చటి పొరది. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే అక్కడి సన్నటి రక్తనాళాల గోడలు బలహీనపడి, చిన్న బుడగల్లా ఉబ్బి, నీరు కారుతుంది. కొన్ని నాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని చోట కన్ను కొత్త నాళాలు మొలిపించుకుంటుంది గానీ, అవి ఒట్టి నాసిరకం. చిట్లాయంటే కళ్లముందు సాలెగూళ్లు, నల్లటి పోగులు తేలతాయి. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. రెటీనా నడిమధ్యకు రానంత వరకు పేపరు కూడా చక్కగా చదువుకుంటారు.

అలా లోపల జబ్బు ముదిరి ఉన్నవాళ్లకు షుగరు ఒక్కసారిగా బాగా దిగితే, మొదటి ఏడాదిలో కొందరికి రెటీనా మరికాస్త దెబ్బతింటుంది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారవక వచ్చే షుగరు) పేషెంట్లతో జరిపి 1993లో ముగించిన పెద్ద పరిశోధనలోనూ ఇది కనబడింది. అయితే ఏళ్లు గడిచేకొద్దీ లెక్క తిరగబడింది. షుగరును గట్టి అదుపులో పెట్టినవాళ్లలో కంటి జబ్బు కొత్తగా వచ్చే ముప్పు 76 శాతం, ఉన్నది ముదిరే ముప్పు 54 శాతం తగ్గాయి. కాబట్టి మసక వచ్చిందని మందులు మానేయడం తప్పు. ఇన్సులిన్ లాంటివి మొదలుపెట్టి షుగరు బాగా దించబోయే ముందే ఓసారి రెటీనా చూపించుకోవాలి.

ఇక వైద్యం. రెటీనా మధ్యలో నీరు చేరితే కంట్లోకే ఇంజెక్షన్ ఇస్తారు. వినగానే ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. చుక్కలు వేసి మొద్దుబారుస్తారు, సూది పని క్షణాల్లో అయిపోతుంది. కాకపోతే ఒక్కదానితో తేలదు, మొదట్లో నెలనెలా వేయించుకోవాలి. రెండు మూడు పడి అక్షరాలు తేటగా కనిపించగానే మానేసేవాళ్లున్నారు. నీరు మళ్లీ చేరుతుంది. నాసిరకం నాళాలు మొలిస్తే అంచుల్లో లేజరు కొడతారు. పోయిన చూపును అది తిరిగి తేలేదు, ఉన్నదాన్ని నిలబెడుతుంది. పక్కచూపు, చీకట్లో చూపు కొంత తగ్గొచ్చు. ఆ మాట ముందే అడిగి తెలుసుకోండి. కంట్లో రక్తం పేరుకుని కరగకపోతే ఆపరేషనే.

ఎక్కువమందికి ఉండే టైప్ 2 షుగరు అని తేలినప్పుడే మొదటి కంటి పరీక్ష చేయించుకోవాలి. టైప్ 1 అయితే ఐదేళ్లలోపు. ఆ తర్వాత డాక్టరు వేరే గడువు చెప్పకపోతే ఏటా. గర్భం వస్తే మొదటి నెలల్లోనే. పరీక్షకు కంటిపాప పెద్దదయ్యేలా చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు వెలుతురు గుచ్చుతుంది. బండి నడపకండి, ఒకరిని తోడు తెచ్చుకోండి. రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పాత హెచ్‌బీఏ1సీ రిపోర్టులు కూడా పట్టుకెళ్లండి. షుగరు ఇప్పుడెంతుందనే కాదు, ఎంత వేగంగా దిగిందో కూడా కంటి డాక్టరుకు తెలియాలి.