ట్యాంకు సైజు సరే, నేల సంగతేంది?

(కడపలో ఇళ్లు కట్టుకునేవాళ్లకు, బేల్దారి మేస్త్రీలకు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఇల్లు మొదలుపెట్టేటప్పుడు ముగ్గు పోస్తాం, వాస్తు చూస్తాం, బోరు పాయింటు చూపించుకుంటాం. చివరికి మిగిలిన మూలలో సెప్టిక్ ట్యాంకు పెడతాం. మేస్త్రి అడిగేది ఒక్కటే: ఇంట్లో ఎంతమంది? ట్యాంకు సైజుకు ఆ లెక్క చాలు. దాంట్లోంచి బయటికొచ్చే నీళ్లు ఎక్కడికి పోవాలో చెప్పాల్సింది మాత్రం నేల.

ట్యాంకులో మడ్డి అడుక్కి దిగి కొంతమేరకు కుళ్లుతుంది, అంతే. పైన వచ్చే నీళ్లు పలచగా కనిపించినా రోగక్రిములు వాటిలోనే ఉంటాయి. వాటిని వడకట్టేది ఇంకుడు గుంత (ట్యాంకు నీళ్లు నేలలోకి దిగడానికి తవ్వే గుంత) చుట్టూ ఉన్న మట్టి, అందులోని సూక్ష్మజీవులు. నీళ్లు మరీ నిదానంగా దిగితే పెరట్లోకి పొంగుతాయి, మరీ వేగంగా దిగితే శుభ్రపడకుండానే బోర్లో కలుస్తాయి. ‘నేను కట్టిన ట్యాంకు ఇరవై ఏళ్లయినా నిండలేదు సార్’ అని గొప్పగా చెప్పేవాళ్లున్నారు. అడుగున కాంక్రీటు వేయకుంటే ఎట్లా నిండుతుంది? ఆ మురికి పక్కింటి బోరుకు చేరుంటుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి చూడండి. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత బీటలు. ఏప్రిల్‌లో గుంత తీసి బిందెడు నీళ్లు పోస్తే గటగటా తాగేస్తుంది, మనకు సంబరం. ఇంకినట్టు కాదది, బీటల్లోకి జారిపోయినట్టు. అక్టోబరు, నవంబరు వానలకు అదే మట్టి ఉబ్బి బీటలు మూసుకుంటుంది, చుక్క దిగదు. నీళ్లు ఎంత వేగంగా ఇంకుతాయో తెలుసుకోవడానికి గుంతలో నీళ్లు పోసి చూసే పరీక్ష ఒకటుంది. మట్టిని ముందు నానబెట్టకుండా చేస్తే ఆ పరీక్షను నేను నమ్మను.

పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు. ఇంకుడు కాలువ (ట్యాంకు నీళ్లు పారుతూ ఇంకే పొడవాటి కందకం) ఎంత లోతున రావాలో అంత లోతుకు, నాలుగంగుళాల నుంచి అడుగు లోపు వెడల్పుతో గుంత తీయండి. గడ్డపార తగిలిన చోట బంకమట్టి గోడ నున్నగా మెరుస్తుంది. ఆ మెరుపుంటే నీళ్లు దిగవు, మేకుతో గీకేయండి. అడుగున రెండంగుళాలు గులకరాళ్లు పోసి, వాటి మీద అడుగెత్తు నీళ్లు నింపి, మట్టి ఉబ్బడానికి మర్నాటిదాకా వదిలేయండి. పొద్దున నీళ్లు మిగిలి ఉంటే మట్టాన్ని రాళ్ల మీద ఆరంగుళాలకు సరిచేసి, అరగంటలో ఎంత దిగిందో స్కేలుతో చూడండి. ఏమీ మిగలకపోతే ఆరంగుళాలు పోసి అరగంటకోసారి కొలుస్తూ, మళ్లీ నింపుతూ నాలుగు గంటలు చూడాలి. లెక్కకొచ్చేది ఆఖరి అరగంట.

అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందన్నదే ప్రశ్న. అరగంటలో రెండంగుళాలు దిగితే పదిహేను నిమిషాలు, మంచి నేల. సెప్టిక్ ట్యాంకుల మీద ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం 30 నిమిషాల లోపైతే ఇంకుడు గుంత పెట్టుకోవచ్చు. 30 నుంచి 60 అయితే గుంత వద్దు, పొడవాటి ఇంకుడు కాలువలు కావాలి. 60 దాటితే ఆ నేలలోకి వదలకండి, విడిగా ఫిల్టరు లాంటి ఏర్పాటు చూసుకోవాలి.

ఇంకడం బాగుందని తొందరపడొద్దు, కింద నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కూడా చూడాలి. ఆరడుగుల లోపే నీళ్లు తగిలితే కాలువలను నేల మీద మట్టి దిబ్బ పోసి అందులో కట్టాలి. కొలవడం మండు వేసవిలో కాదు. కార్తీకంలో బావి నీళ్లు ఎంతదాకా వచ్చేవో ఆ వీధిలో పెద్దాయన్ను అడగండి. పెన్న ఒడ్డు ఇసుక నేలల వాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

ఎర్రగుంట్ల వైపు వాళ్లకు ఇంకో మాట. నాపరాయి, సున్నపురాయి ఉన్నచోట పరీక్షలో ఎంత మంచి అంకె వచ్చినా ఇంకుడు గుంత వద్దు. సున్నపురాయి నీటికి కరుగుతుంది, లోపల సొరంగాల్లాంటి దారులుంటాయి. బెలుం గుహలు ఏర్పడింది ఈ రాతిలోనే. ఆ సందుల్లో మురికి వడకట్టకుండానే ఎంత దూరమైనా పోతుంది. అక్కడ అడుగు, గోడలు గట్టిగా కట్టిన ట్యాంకు, ఖాళీ చేసే లారీ, అంతే దారి.

తాగునీటి బావికీ ఇంకుడు గుంతకూ 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్లు తగ్గకూడదు. మూడు సెంట్ల స్థలంలో ఇది కుదరదని మీరంటారు, నిజమే. అలాంటప్పుడు వీధిలో నలుగురూ కలిసి ఒకచోట పెట్టుకోవడం తప్ప నాకు వేరే మార్గం తోచదు.

ఇక ఎండిపోయిన బోర్ల సంగతి. బోరు ఫెయిలైందని దాంట్లోకే పైపు తిప్పేవాళ్లున్నారు. దీనికి నేనెప్పుడూ ఒప్పుకోను. కేసింగు, అంటే బోర్లోకి దించే పైపు, గట్టి రాయి తగిలేదాకే ఉంటుంది. కింద రాతి పగుళ్లు ఊరి బోర్లన్నిటికీ దారులు కావచ్చు. మట్టి ఒక్క అడుగు కూడా అడ్డం లేకుండా మురికి నేరుగా అక్కడికి దిగుతుంది. అలాంటి బోరు మీ ఇంట్లో ఉంటే ఈ వారమే పైపు తీసేసి, మూత వెల్డింగు చేయించండి.