కిడ్నీలో గడ్డ లేని కిడ్నీ క్యాన్సర్

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైము అక్కడికే సరిపోతుంది, మన్నించాలి.

శ్రీకాకుళంలో కిడ్నీ అనగానే ఉద్దానం, క్రియాటినిన్, డయాలసిస్. నేను చెప్పేది అది కాదు, క్యాన్సర్. అందులోనూ అరుదైన తిరకాసు. ఎముకలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ దొరుకుతుంది, ముక్క తీసి చూస్తే కిడ్నీ క్యాన్సర్ కణాలు. స్కానింగులో మాత్రం రెండు కిడ్నీలూ శుభ్రం. ‘కిడ్నీలో ఏటీ లేదు కదా బాబూ, రిపోర్టు తప్పు’ అంటారు. తప్పు కాకపోవచ్చు. మొదటి గడ్డ స్కానుకు అందనంత చిన్నది కావచ్చు, దానంతటదే కరిగిపోయి ఉండొచ్చు.

ఒళ్లంతా క్యాన్సర్ కోసం వెతికే పెట్ స్కాన్ చేయించామంటారు. అందులో ఎక్కించే మందు మూత్రంలోనే బయటికి పోతుంది కాబట్టి కిడ్నీ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. పెట్రోమాక్స్ లైటు పక్కన మిణుగురుని వెతికినట్టే. కిడ్నీ కోసం విడిగా కాంట్రాస్ట్ సీటీ, అంటే నరంలోకి వేరే మందు ఎక్కించి తీసే స్కాన్, తీయాలి; ఆ మందు ఎక్కించిన సుమారు 100 సెకన్లకు తీసే బొమ్మలు అందులో ఉండాలి. కిడ్నీ పనితీరు చెప్పే ఆ క్రియాటినిన్ రక్తపరీక్షలో ఎక్కువుంటే ముందే చెప్పండి, ఎమ్మారై ఆలోచిస్తారు.

ఒకటి అడగడం మరవొద్దు: ఎప్పుడైనా ఒక కిడ్నీ తీసేశారా? ఇంట్లో ‘రాళ్ల ఆపరేషన్’ అని చెప్పుకునేది క్యాన్సర్ ఆపరేషనై ఉండొచ్చు. ఈ జబ్బు పదిహేనేళ్లకైనా తిరగబెడుతుంది.

పేరు తేలాలని ఎందుకింత పట్టు? ‘మూలం తెలియని క్యాన్సర్’ అని రాసేస్తే మామూలు కీమో మొదలెడతారు. కిడ్నీ క్యాన్సర్‌కి అది పెద్దగా పనిచేయదు. దీనికి సునిటినిబ్, పజోపనిబ్ లాంటి మాత్రలు, నివోలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు వేరే ఉన్నాయి.

ఇక నా అసలు బాధ ఆ ముక్క గురించే. సన్నసూదితో పీల్చిన నాలుగు కణాలు చాలవు, లావు సూదితో కోర్ బయాప్సీ కావాలి. కణాలు ఏ అవయవానివో పట్టించే పాక్స్8, సీఏ9 అనే గుర్తుల కోసం ఒక్కో పరీక్షకి ముక్కలోంచి ఒక్కో పొర కోస్తారు. పాక్స్8 ఒక్కటే చూసి కిడ్నీ అనేయకూడదు, థైరాయిడ్, అండాశయం క్యాన్సర్లలోనూ అది వస్తుంది. ముక్క అయిపోతే మళ్లీ గుచ్చాలి. ఈ గడ్డల నిండా రక్తనాళాలే, గుచ్చితే రక్తం ఓ పట్టాన ఆగకపోవచ్చు. ఆస్పిరిన్ వాడుతుంటే ముందే చెప్పాలి.

అంత కష్టపడి తీసిన ముక్కని సెలైన్‌లో వేసి విశాఖ బస్సెక్కిస్తారా! సెలైన్ కుళ్లు ఆపదయ్యా. 10 శాతం ఫార్మలిన్, అదీ ముక్కకు పదింతలు. సిస్టర్లూ, మళ్లీ చెప్తున్నా: పదింతలు. పేరు మూత మీద కాదు, సీసా మీద రాయండి. మూతలు మారిపోతాయి.

రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకండి, ముక్కని మైనంలో పెట్టి దాచిన బ్లాకులు కూడా అడిగి తెచ్చుకోండి. పై ఆసుపత్రిలో మొదట అడిగేవి అవే. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి, మెత్తబడిపోతాయి.