ఆబ్రీ హెర్బర్ట్: శత్రువుతో మాట్లాడిన సైనికుడు

సభకు నమస్కారం.

ఇంగ్లండు ప్రభువంశాల్లో పుట్టి సైన్యంలోకీ రాజకీయాల్లోకీ వచ్చినవాళ్లలో మనకు తెలిసిన పేర్లు ఎక్కువగా మన నేల మీద యుద్ధాలు చేసినవాళ్లవే. కార్న్‌వాలిస్, వెల్లెస్లీ. ఈ రోజు నేను ఇంకోలాంటి మనిషి గురించి మాట్లాడతాను.

ఆబ్రీ హెర్బర్ట్ 1880లో హైక్లేర్ కోటలో పుట్టాడు. తండ్రి నాలుగో కార్నార్వన్ ప్రభువు. ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధి తవ్వకాలకు డబ్బు పెట్టిన కార్నార్వన్ ఇతనికి సవతి అన్న. కుర్రతనం నుంచే చూపు దాదాపు లేదు. అయినా ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్రలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నాడు. చివరికి ప్రాణం పోయిందీ ఆ చూపు కోసమే. పళ్లన్నీ పీకించుకుంటే కళ్లు వస్తాయని ఎవరో చెబితే నమ్మాడు. రక్తం విషమై 1923లో, 43 ఏళ్లకే వెళ్లిపోయాడు.

కుర్రవయసులోనే ఇస్తాంబుల్‌లో బ్రిటిష్ రాయబార కార్యాలయంలో పనిచేసి టర్కిష్ నేర్చుకున్నాడు. 1911లో కన్సర్వేటివ్ ఎంపీ అయ్యాడు. అల్బేనియా స్వాతంత్ర్యం కోసం ఎంత తిరిగాడంటే, అక్కడివాళ్లు మా రాజుగా ఉంటావా అని అడిగారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ కళ్లతో సైన్యంలో ఎవరు చేర్చుకుంటారు? ఐరిష్ గార్డ్స్ యూనిఫాం కుట్టించుకుని, పటాలం బయల్దేరే రోజున వరసలో కలిసిపోయి ఫ్రాన్స్ చేరాడు. కొద్ది వారాలకే గాయపడి జర్మన్లకు చిక్కాడు, వాళ్లు వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డాడు.

అసలు చెప్పాల్సింది టర్కీ తీరంలోని గల్లిపొలి గురించి. 1915 మే 19న, బ్రిటన్ తరఫున అక్కడ దిగిన ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ సేనల మీద టర్కీ దళాలు విరుచుకుపడ్డాయి. ఆ ఒక్క దాడిలో దాదాపు 3,000 మంది టర్కీ సైనికులు చనిపోయారు. రెండు కందకాల మధ్య శవాలు ఎండలో కుళ్లిపోతున్నాయి. పాతిపెట్టడానికి కాస్త విరామం ఇవ్వాలని పై అధికారుల చుట్టూ తిరిగినవాళ్లలో హెర్బర్ట్ ఒకడు. టర్కీ రాయబారి మాటలకు ఇటు వస్తే, అటువైపు బందీగా తాను వెళ్లి కూర్చున్నాడు.

మే 24 పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా తుపాకులు ఆగాయి. వాసన భరించలేక సెంటులో తడిపిన దూది ముక్కుకు పెట్టుకున్నారు. పక్కనున్న టర్కీ కెప్టెన్, ఇది చూస్తే ఎంత మెత్తని మనిషైనా క్రూరుడవుతాడు, ఎంత క్రూరుడైనా ఏడుస్తాడు అన్నాడు. సాయంత్రమయ్యేసరికి టర్కీ సైనికులు ఏం చేయాలో చెప్పమని వచ్చి హెర్బర్ట్‌నే అడిగారు! రేపు మీరు నన్ను కాల్చేస్తారు కదా అంటే, అయ్యో, దేవుడు అలా జరగనివ్వకూడదు అన్నారు. నవ్వుతూ వెళ్లండి, నవ్వుతూ మళ్లీ రండి అని సాగనంపారు. కాసేపటికే కాల్పులు మళ్లీ మొదలయ్యాయి. ఆ తొమ్మిది గంటల కోసమే నేను ఈ మనిషిని ఇంతగా అభిమానిస్తాను.

అదే ఏడు డిసెంబరులో మెసపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, బ్రిటిష్ సేన ఉన్న కుట్ పట్టణం టర్కీ ముట్టడిలో పడింది. లోపల ఆకలితో అలమటించినవాళ్లలో ఎక్కువమంది మన భారతీయ సైనికులే. వాళ్లను విడిచిపెడితే 20 లక్షల పౌండ్లు ఇస్తామన్నా టర్కీ ఒప్పుకోలేదు. 1916 ఏప్రిల్ 29న దాదాపు 13,000 మంది లొంగిపోయారు. ఆ రోజే హెర్బర్ట్, 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ లారెన్స్, కర్నల్ బీచ్ తెల్లజెండాతో వెళ్లి టర్కీ సేనాని ఖలీల్ పాషాను కలిశారు. జబ్బుపడ్డవాళ్లను, గాయపడ్డవాళ్లను వదలమని అడిగారు. ఊళ్లోని అరబ్బుల మీద కక్ష తీర్చుకోవద్దని కూడా హెర్బర్ట్ అడిగాడు. కొంతమంది రోగులు బయటపడ్డారు. బందీలుగా వెళ్లినవాళ్లలో వేలమంది తిరిగి రాలేదు.

హెర్బర్ట్ ఊరుకోలేదు. ఆ యుద్ధాన్ని ఎంత అధ్వాన్నంగా నడుపుతున్నారో వివరిస్తూ లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్‌కు టెలిగ్రాం కొట్టాడు. సిమ్లాలోని బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం మండిపడి కోర్టు మార్షల్ చేస్తామంది, అది సాగలేదు. జులైలో ఇంటికి చేరగానే పార్లమెంటులో విచారణ కోసం పట్టుబట్టాడు. తన పార్టీ వాళ్లు కూడా ఉన్న ప్రభుత్వం అది. చివరికి మెసపొటేమియా కమిషన్ వేశారు. 1917లో వచ్చిన దాని నివేదిక, గాయపడ్డ సిపాయిల వైద్యం ఎంత ఘోరంగా ఉందో బయటపెట్టి, భారత ప్రభుత్వాన్ని గట్టిగా తప్పుపట్టింది. చాంబర్లేన్ రాజీనామా చేశాడు.