కెర్రీ అసలు మాట మార్చింది ఎక్కడ?

అందరికీ నమస్తే. ‘నిజానికి ఆ డబ్బుకి ముందు నేను అనుకూలంగానే ఓటేశాను, తర్వాతే వ్యతిరేకంగా వేశాను.’ 2004 మార్చిలో, వెస్ట్ వర్జీనియాలో, అమెరికా అధ్యక్ష పదవికి బుష్ మీద పోటీ చేస్తున్న సెనేటర్ జాన్ కెర్రీ నోరు జారి అన్న మాట ఇది. అంతే, బుష్ మనుషులకు పండగే పండగ! టీవీ యాడ్ కూడా చేశారు. సముద్రంలో విండ్‌సర్ఫింగ్ చేస్తున్న కెర్రీ ఒకసారి కుడికి, ఇంకోసారి ఎడమకి వెళ్తుంటారు. గాలి ఎటు వీస్తే అటేనని ఎగతాళి.

నన్నడిగితే, ఆ మాటలో పెద్ద తప్పేం లేదు. ఇరాక్, అఫ్గానిస్థాన్‌ల కోసం బుష్ అడిగిన 8,700 కోట్ల డాలర్లే ఆ డబ్బు. బాగా డబ్బున్నవాళ్లకిచ్చిన పన్ను రాయితీలు తగ్గించి ఆ డబ్బు తెద్దామని కెర్రీ, బైడెన్ ఒక సవరణ పెట్టారు. దానికి ఆయన ఓటేశారు, అది వీగిపోయింది. ఆ షరతు లేకుండా వచ్చిన అసలు బిల్లుకి వద్దన్నారు. మరి బుష్ సంగతో? ఇరాక్‌కిచ్చే డబ్బుని అప్పుగా మారిస్తే వీటో చేస్తామని వైట్‌హౌస్ కూడా బెదిరించింది. అంటే బిల్లు తమకు నచ్చినట్టుంటేనే కావాలని ఇద్దరూ అన్నట్టే కదా!

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. 1991లో ఇరాక్ అధ్యక్షుడు సద్దాం కువైట్‌ని ఆక్రమించి కూర్చున్నాడు. బలప్రయోగానికి ఐక్యరాజ్యసమితి ఒప్పుకుంది. అయినా కెర్రీ ‘వద్దు, ఆంక్షలకి ఇంకా టైమిద్దాం’ అన్నారు. సెనేట్‌లో 52-47తో ఆయన పక్షం ఓడింది, యుద్ధం చూస్తుండగానే గెలుపుతో ముగిసింది. 2002లో సద్దాం ఎవరి మీదా దండెత్తలేదు, సమితి అనుమతీ లేదు. అయినా ఇరాక్ మీద యుద్ధం చేసే అధికారం బుష్‌కి ఇవ్వడానికి కెర్రీ ‘సరే’ అన్నారు. యుద్ధం ఆఖరి మార్గంగానే ఉండాలని షరతులు చెప్పారు నిజమే. కానీ ఆ షరతులు ప్రసంగంలోనే ఉండిపోయాయి, ఓటు బుష్ చేతికి వెళ్లింది. అధ్యక్ష పదవి మీద కన్నున్న మనిషికి 1991 చేదు గుర్తుండే ఉంటుందని నా అనుమానం.

పోనీ, తర్వాతైనా సర్దుకున్నారా? 2004 ఆగస్టులో గ్రాండ్ కేన్యన్ దగ్గర విలేకరులు అడిగితే, ఇప్పుడైనా ఆ అధికారం ఇచ్చేవాణ్నే అన్నారు. అప్పటికి ఇరాక్‌లో యుద్ధానికి కారణంగా బుష్ చూపిన మారణాయుధాలు ఎక్కడా దొరకలేదు!

సెప్టెంబరు 30న బుష్‌తో జరిగిన డిబేట్‌లో మాత్రం గట్టిగానే అడిగారు: ‘యుద్ధం గురించి మాట్లాడటంలో నేను తప్పు చేశాను, ఇరాక్ మీదికి వెళ్లి అధ్యక్షుడు తప్పు చేశారు. ఏది పెద్దది?’ మంచి ప్రశ్నే. కానీ వెళ్లమని సెనేట్‌లో పడిన 77 ఓట్లలో ఆయనదీ ఒకటి.