నీయా బేలో కయాక్ మీద సాల్మన్ వేట: ఆరుగురు వెళ్లి ఆరుగురూ కలిసి తిరిగి రావడానికి కావలసినవి

[షాట్: తెల్లవారుజామున నీయా బే మరీనా. రాంప్ పక్కన ఆరు కయాక్‌లు, నీళ్ల మీద పలుచని పొగమంచు]

వాషింగ్టన్ రాష్ట్రానికి వాయవ్య కొసన, పసిఫిక్ మహాసముద్రం హువాన్ డి ఫూకా జలసంధిలోకి అడుగుపెట్టే చోట ఉంది నీయా బే. ఇది మకా అనే అమెరికా ఆదివాసీ తెగ వాళ్ల రిజర్వేషన్, అంటే వాళ్లకు చెందిన ప్రాంతం. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్మండ్ వైపు ఉండే మన తెలుగు వాళ్లకు ఫెర్రీతో కలిపి నాలుగున్నర, ఐదు గంటల ప్రయాణం. ఆగస్టు, సెప్టెంబరుల్లో కోహో సాల్మన్ గుంపులు గుంపులుగా ఈ తీరం వెంట లోపలికి వస్తాయి. ఒడ్డు నుంచి పది, పదిహేను నిమిషాలు కయాక్ పెడల్ తొక్కితే చేప దొరికే చోటికి చేరుకోవచ్చు. కయాక్ వాళ్లు ఇంత దూరం వచ్చేది అందుకే.

ఇక్కడ చేప పట్టడం అంత కష్టం కాదు. చేప పడ్డ క్షణంలో గుంపు చెదరకుండా ఉండటమే కష్టం. అందుకే ఈ వీడియోలో గాలాల కంటే ముందు నీళ్ల గురించి మాట్లాడుకుందాం.

[తెర మీద: మ్యాప్. వాడా ఐలాండ్, బ్రేక్‌వాటర్, బాడా పాయింట్, తాటూష్ ఐలాండ్ పేర్లు]

మ్యాప్ చూడండి. ఊరికి ఎదురుగా ఉన్నది వాడా ఐలాండ్. పడమటి ఒడ్డు నుంచి ఆ దీవి దాకా రాళ్లతో బ్రేక్‌వాటర్, అంటే అలలను ఆపే గట్టు, కట్టారు. కాబట్టి బయటికి వెళ్లే దారి తూర్పు వైపు, వాడాకూ బాడా పాయింట్‌కూ మధ్యలోనే ఉంది. ఆ దారి దాటేవరకు నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. దాటగానే జలసంధి మొదలవుతుంది.

పోటు సమయంలో నీరు సముద్రం నుంచి తూర్పుకు, లోపలికి వస్తుంది. ఆటు సమయంలో పడమటికి, తాటూష్ ఐలాండ్ వైపు లాక్కుపోతుంది. బరువు వేసుకున్న ఫిషింగ్ కయాక్‌ని మామూలు మనిషి గంటల తరబడి నడపగలిగే వేగం రెండున్నర, మూడు నాట్లు, అంటే గంటకు సుమారు మూడు, మూడున్నర మైళ్లు. పెద్ద ఆటు ఉన్న రోజున ప్రవాహం దానికి దగ్గరగా వస్తుంది. అప్పుడు ఎంత తొక్కినా ఒడ్డు కదలదు, పక్కనున్న రాయి అక్కడే ఉంటుంది.

దీనికి గాలి కూడా తోడవుతుంది. వేసవిలో లోపలి నేల వేడెక్కేకొద్దీ మధ్యాహ్నం నుంచి పడమటి గాలి జలసంధిలోకి దూరుతుంది. గాలి తూర్పుకు, ఆటు పడమటికి పోతుంటే రెండూ ఢీకొని అలలు నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. ఎత్తు మూడడుగులే అయినా ఇవి కయాక్‌ని తిరగేయగలవు.

అందుకే మంచి రోజును ఇలా ఎంచుకోవాలి. ఉదయం పోటు ఉండి అది మధ్యాహ్నం దాకా నడిచే రోజు చూసుకోండి. పొద్దున గాలి లేని వేళ, పోటు ఇంకా నెమ్మదిగా ఉండగానే, దానికి ఎదురుగా వాడా చుట్టి కొద్దిగా పడమటికి వెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు పోటూ గాలీ రెండూ వెనక నుంచి తోస్తాయి. ఉదయమే ఆటు ఉన్న రోజున వాడా దాటి పడమటికి అస్సలు వెళ్లకండి. బాడా పాయింట్ వైపే ఉండి వేటాడండి. చేపలు తక్కువ పడొచ్చు, ఫరవాలేదు.

ముందురోజు రాత్రి చూడాల్సినవి ఇవి. అమెరికా ప్రభుత్వ వాతావరణ, సముద్ర సంస్థ నోవా వాళ్ల సూచనలో పీజడ్‌జడ్130 జోన్, అంటే జలసంధి పడమటి ముఖద్వారం. 46087 నంబరు బోయ్ (సముద్రంలో తేలే కొలత పరికరం) దగ్గర గాలి, అలల లెక్కలు. జలసంధి ముఖద్వారం కరెంట్ పట్టిక, అంటే నీటి ప్రవాహ పట్టిక. ఒడ్డున నీటిమట్టం చెప్పే టైడ్ పట్టిక ఒక్కటే చూసి ఊరుకుంటే సరిపోదు. నీరు దిగడం ఆగిన సమయం, ప్రవాహం ఆగిన సమయం ఒకటే కానక్కర్లేదు. చిన్న పడవలకు హెచ్చరిక ఉదయం వేళకే ఉంటే ఆ రోజు మకా మ్యూజియంకి వెళ్లండి. ఓజెట్ గ్రామం తవ్వకాల్లో దొరికిన చేప గాలాలు, తెడ్లు అక్కడ ఉన్నాయి. ఆ పూట వృథా పోదు.

[షాట్: దగ్గరగా, కెల్ప్ బుడిపెలు నీళ్ల మీద తేలుతూ ఉంటాయి. తర్వాత అవే సగం మునిగి, ఆకులన్నీ ఒకే వైపుకి సాగి ఉంటాయి]

నీళ్ల మీద ఉన్నప్పుడు పట్టిక కంటే బాగా చెప్పేది కెల్ప్. వాడా చుట్టూ ఈ సముద్రపు నాచు తోటలు ఉంటాయి. బుడిపెలు తీరుబడిగా తేలుతుంటే ప్రవాహం తక్కువ. ఆకులు ఒకే వైపుకి సాగి, బుడిపెలు నీళ్ల కిందికి లాగినట్టు మునుగుతుంటే ప్రవాహం బలపడింది, వెనక్కి తిరగాల్సిన వేళయింది. గుంపులో ప్రతి ఒక్కరికీ ఈ గుర్తు తెలిసి ఉండాలి.

[షాట్: డ్రై సూట్ వేసుకుంటున్న మనిషి, మెడ దగ్గర సీల్ సర్దుకోవడం]

ఇక చలి సంగతి. ఆగస్టులో కూడా ఇక్కడి నీళ్లు దాదాపు 50 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 10 సెల్సియస్. చల్లటి నీళ్లలో పడ్డవాళ్లకు 1-10-1 లెక్క చెబుతారు. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, ఎగశ్వాస వస్తుంది. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులు, కాళ్లు పనిచేస్తాయి. స్పృహ పోవడానికి దాదాపు 1 గంట పడుతుంది. ఆ మొదటి నిమిషంలో తల నీళ్లపైన నిలిపేది లైఫ్ జాకెట్టే, కాబట్టి దాన్ని వెనక కట్టి ఉంచకుండా ఒంటిమీదే వేసుకోవాలి. పైన డ్రై సూట్ (నీరు లోపలికి రాని దుస్తులు), లోపల ఉన్ని గానీ ఫ్లీస్ గానీ. లోపల పలుచని టీషర్టు వేసుకుంటే డ్రై సూట్ తడవకుండా చూస్తుంది కానీ వెచ్చగా ఉంచదు. జీన్స్, రెయిన్ కోటుతో వచ్చినవాళ్లను నీళ్లలోకి దించకండి. మొహమాటపడాల్సిన చోటు కాదిది.

లైఫ్ జాకెట్‌కి మూడు వస్తువులు కట్టి ఉండాలి: ఈల, చిన్న కత్తి, నీళ్లలో తేలే వీహెచ్ఎఫ్ రేడియో (పడవల వాళ్లు మాట్లాడుకునేది). ఫోన్ మీద ఆశ పెట్టుకోకండి. ఇక్కడ అది తరచూ కెనడా టవర్లకు వెళ్లిపోతుంది. గుంపు మొత్తానికి ఒక్క రేడియో సరిపోదు, అందరికీ లేకపోయినా జంటకు ఒకటైనా ఉండాలి. మీలో మీరు మాట్లాడుకోవడానికి 72వ ఛానెల్, ఆపదకు 16. డీఎస్‌సీ (బటన్ నొక్కితే ఆపద సంకేతం పంపే సదుపాయం) ఉన్న రేడియో కొంటే దానికి ఎంఎంఎస్ఐ నంబరు, అంటే రేడియో గుర్తింపు సంఖ్య, తీసుకుని నమోదు చేయించండి. నంబరు లేకుండా ఎర్ర బటన్ నొక్కితే పని జరగదు.

కయాక్ 12 నుంచి 14 అడుగుల సిట్-ఆన్-టాప్ (లోపల కాక పైన కూర్చునేది) అయితే నయం. దించేముందు డ్రెయిన్ ప్లగ్ బిగించారా, మూతల రబ్బరు సరిగా కూర్చుందా అని ఒకరిది ఒకరు చూడండి. ప్లగ్ మరచిపోతే కయాక్ వెంటనే మునగదు. లోపల నీరు నెమ్మదిగా చేరి, ఒక పక్కకు వంగగానే ఆ నీరంతా అటే పరుగెత్తి తిరగేస్తుంది. కారణం తెలిసేసరికి మనిషి నీళ్లలో ఉంటాడు.

[తెర మీద: ఆరు చుక్కలు, రెండేసి చొప్పున మూడు జంటలు]

ఆరుగురంటే మూడు జంటలు. జంటలో ఇద్దరి మధ్య మామూలు గొంతుతో పిలిస్తే వినపడే దూరం. జంటకీ జంటకీ మధ్య వంద గజాలకు మించకూడదు. అందరికంటే నెమ్మదిగా నడిపేవాళ్ల వేగమే గుంపు వేగం. అనుభవం ఉన్నవాళ్లు ఒకరు ముందు, ఒకరు వెనక. తిరిగి బయల్దేరే సమయం ఒడ్డునే ఖాయం చేసుకోండి, ఉదాహరణకు పదకొండు. చేపలు పడుతున్నాయని దాన్ని పొడిగించడం మొదలుపెడితే ఇక దానికి అంతుండదు. ఇంట్లో ఉన్న ఒకరికి కయాక్‌ల రంగులు, ఎటు వెళ్తున్నారు, ఏ వేళకి ఫోన్ చేస్తారు, చేయకపోతే కోస్ట్ గార్డుకి ఎప్పుడు చెప్పాలి, ఇవన్నీ రాసివ్వండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఒకరికి చేప తగిలింది. వాళ్లు చూపంతా గాలం మీద పెడతారు, ప్రవాహం వాళ్లను మోసుకుపోతుంది. మిగతావాళ్లు సంతోషంగా అదే చోట తిరుగుతూ ఉంటారు. పది నిమిషాల్లో ఇద్దరి మధ్య అర మైలు దూరం. కాబట్టి నియమం ఇది: చేప తగిలిన మనిషి “చేప” అని అరవగానే జంటలోని రెండో మనిషి తన గాలం పైకి చుట్టేసి, పక్కనే ఉండి, వాళ్లతో పాటే కొట్టుకుపోతూ చుట్టూ చూస్తుండాలి. చేప ఎక్కాక ఇద్దరూ కలిసి గుంపులోకి వస్తారు.

ఎవరైనా తిరగబడితే మొదటి కేక “గాలాలు పైకి”. ఆరు గాలాలు, రెండేసి కొక్కేలు నీళ్లలో వేలాడుతుంటే వాటి మధ్య ఈదే మనిషికి ముప్పు. తర్వాత జంటవాళ్లు కయాక్ పక్కకు చేర్చి, తిరగబడ్డదాన్ని నిటారు చేసి గట్టిగా పట్టుకోవాలి. పడ్డ మనిషి కాళ్లు వెనక్కి కొడుతూ పొట్ట మీదుగా ఎక్కి, బోర్లా పడుకున్నచోటే వెల్లకిలా తిరిగి, కూర్చుని, ఆఖర్న కాళ్లు లోపలికి. తొందరపడి లేచి కూర్చుంటే మళ్లీ పడతారు. మూడుసార్లు ప్రయత్నించినా ఎక్కలేకపోతే 16వ ఛానెల్‌లో మేడే, అంటే ఆపద పిలుపు, చెప్పేయండి: మూడుసార్లు మేడే, ఎక్కడున్నారు, ఎంతమంది, ఏం జరిగింది. ఈ ఎక్కడమంతా వేసవిలో లేక్ సమ్మామిష్‌లో ముందే సాధన చేసి రావాలి. డ్రై సూట్, జాకెట్ వేసుకునే చేయాలి. ఈత దుస్తుల్లో చేసిన సాధన ఇక్కడ సగమే పనికొస్తుంది.

[షాట్: బోర్డు మీద హెర్రింగ్ చేప, పదునైన కత్తి]

ఇక ఎర. హెర్రింగ్‌ను ముందురోజు రాత్రే ఉప్పునీటిలో వేయాలి. నాలుగు లీటర్ల నీళ్లకు సుమారు నాలుగు కప్పుల అయోడిన్ లేని గళ్లుప్పు. ఉప్పు చాలకపోతే చేప మెత్తబడి కొక్కెం చీల్చుకుని ఊడిపోతుంది. పొద్దున మొప్పల వెనక తలను కోయాలి. కత్తి రెండు దిక్కులకూ ఏటవాలుగా ఉండాలి, పైనుంచి కిందికీ, ఒక పక్క నుంచి ఇంకో పక్కకీ. పొట్ట లోపలిది లాగేసి, పొడుగ్గా మిగిలిన వైపు నుంచి పై కొక్కెం గుచ్చండి. నీళ్లలో వేసి పక్కనే లాగి చూడండి. డ్రిల్ బిట్‌లా బిగుతుగా, వేగంగా తిరగాలి. వెడల్పు వలయాలు తిప్పుతూ నెమ్మదిగా తిరుగుతుంటే కోత మళ్లీ సరిచేయండి. కోహోకి వేగమే నచ్చుతుంది.

గాలం కడ్డీ ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగులది. పడవల మీద వాడే పదిన్నర అడుగులది కయాక్‌కి పనికిరాదు. కారణం చిన్న లెక్క: సీసం గుండు కడ్డీ కొసకి వచ్చాక చుట్టడం ఆగుతుంది, అక్కడి నుంచి చేప దాకా ఆరడుగుల లీడర్ (కొక్కేలు కట్టే చివరి తాడు) ఉంటుంది. కడ్డీ మరీ పొడుగైతే చేప వలకందని దూరంలోనే గిలగిలలాడుతుంది. రీల్‌కి 30 పౌండ్ల బలం ఆగే బ్రెయిడ్ (అల్లిన తాడు), కింద 25 పౌండ్లు ఆగే మోనో (ఒంటిపోగు నైలాన్ తాడు), 4 ఔన్సుల గుండు. గంటకు రెండు మైళ్ల చొప్పున తొక్కుతుంటే తాడు 45 డిగ్రీల వాలుగా ఉండేలా చూసుకోండి. అప్పుడు 60 అడుగుల తాడు వదిలితే ఎర సుమారు 42 అడుగుల లోతున ఉంటుంది. తెల్లవారుజామున 20 నుంచి 40 అడుగుల్లోనే కోహో ఉంటుంది, ఎండ పెరిగేకొద్దీ కిందికి దిగుతుంది. నురుగు, నాచు ముక్కలు వరుసగా తేలే గీత, దాని మీద పక్షులు కనిపిస్తే ఆ అంచు వెంట నడపండి.

ఫ్లాషర్, అంటే చేపను రప్పించడానికి ఎర ముందు మెరుస్తూ తిరిగే పలక, కట్టాలా? పదకొండు అంగుళాలది కయాక్‌ని బ్రేకు వేసినట్టు లాగుతుంది. ఎనిమిది అంగుళాలది చాలు. హూచీ (ప్లాస్టిక్ కుచ్చు ఎర) కడితే లీడర్ 30 అంగుళాలకు అటూ ఇటూగా ఉంచండి, ఎందుకంటే హూచీకి సొంత కదలిక లేదు, ఫ్లాషర్ కొట్టే ఊపే దానికి ప్రాణం. హెర్రింగ్ తనే తిరుగుతుంది కాబట్టి దానికి ఐదారడుగులు ఇవ్వొచ్చు.

కొక్కేలకు ముళ్లు ఉండకూడదు, ఇది చట్టం. కాబట్టి తాడు ఒక్క క్షణం వదులైనా చేప జారిపోతుంది. తగలగానే కయాక్ ముక్కు చేప వైపు తిప్పి, కడ్డీని ముందు వైపే పట్టుకోండి. పక్కకు, ముఖ్యంగా వెనక్కి, లాగనివ్వకండి.

[షాట్: నీళ్లలో చేప వీపు, తోకకు ముందున్న చిన్న రెక్క మీద ఆగిన కెమెరా]

వల ముంచే ముందు వీపు చూడండి. తోకకు కాస్త ముందు బొటనవేలంత కండగల రెక్క ఉంటుంది, అదే అడిపోజ్ ఫిన్. అది కత్తిరించి, అక్కడ మానిన మచ్చ ఉంటే హేచరీలో (చేపపిల్లలను పెంచే కేంద్రంలో) పెరిగిన చేప. రెక్క ఉంటే అడవి చేప, అంటే సహజంగా పుట్టి పెరిగినది. అడవి కోహోని వదలాలన్న నియమం ఉన్నప్పుడు దాన్ని కయాక్‌లోకి ఎత్తకూడదు, ఫొటో కోసమైనా సరే. నీళ్లలోనే ఉంచి, పట్టకారుతో కొక్కెం తిప్పి వదిలేయండి. నోరు కూడా చూడాలి: చిగుళ్లు నల్లగా, తోక రెండు భాగాల మీదా చుక్కలుంటే చినూక్ అనే ఇంకో రకం సాల్మన్. చిగురు అంచు తెల్లగా, తోక పైభాగంలోనే చుక్కలుంటే కోహో. రెండింటి నియమాలు వేరు.

ఉంచుకునే చేపను తల వైపు నుంచి ముడులు లేని వలలోకి లాగి, తల మీద ఒక్క దెబ్బ వేసి, మొప్పలు కోసి రక్తం పోనివ్వండి, వెంటనే ఐసు సంచిలో పెట్టండి. తాడుకి కట్టి పక్కన ఈడ్చుకెళ్లే అలవాటు ఇక్కడ వద్దు. సీళ్లు, సీ లయన్లు చేపకోసం కయాక్ దాకా వస్తాయి.

[తెర మీద: లైసెన్సు, క్యాచ్ రికార్డ్ కార్డు, కారు అద్దానికి మకా రిక్రియేషన్ పాస్]

కాగితాల పని. రిజర్వేషన్‌లో తిరగడానికి మకా రిక్రియేషన్ పాస్ ఊళ్లోని దుకాణాల్లో దొరుకుతుంది. గాలం పట్టే ప్రతి మనిషికీ 15 ఏళ్లు నిండితే లైసెన్సు ఉండాలి. ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకూ ఇదే నియమం. పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు, పట్టిన చేపల లెక్క రాసే క్యాచ్ రికార్డ్ కార్డు మాత్రం కావాలి. ఇది 4వ సముద్ర ప్రాంతం, కోటా నిండితే మధ్యలోనే మూసేస్తారు. అందుకని బయల్దేరే రోజు పొద్దున రాష్ట్ర మత్స్య శాఖ అత్యవసర నియమాలు మళ్లీ చూడండి. చేప ఉంచుకున్న వెంటనే, తర్వాతి గాలం వేయక ముందే, కార్డులో పెన్నుతో రాయాలి. ఒడ్డు చేరాక ఆరుగురినీ లెక్కపెట్టి ఇంటికి ఫోన్ చేయండి. కార్డు వివరాలు ఏప్రిల్ 30 లోపు శాఖకు పంపాలి, ఒక్క చేప పడకపోయినా సరే.