అలీపియస్ కళ్ళెప్పుడు తెరిచాడు?

(తెర మీద: పర్లాకిమిడి బస్టాండు. అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లు.)

తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ వందనాలు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ... యౌవనస్థుల కూటం ఎక్కడ జరిగినా ఒక ప్రశ్న తప్పదు. "అన్నా, ఈ సిరీస్ చూడొచ్చా?" నేను లిస్టు ఇవ్వను. ఇచ్చినా వచ్చే శుక్రవారానికి పాతబడిపోతుంది. నాలుగో శతాబ్దపు కుర్రాడొకడి సంగతి చెప్తాను, వినండి.

(తెర మీద: రోములోని గ్లాడియేటర్ల గోదా బొమ్మ.)

అలీపియస్‌ది ఉత్తర ఆఫ్రికా. లా చదవడానికి రోము వెళ్ళాడు. అక్కడ మనుషులు ఒకర్నొకరు నరుక్కుంటుంటే చూడటం జనానికి కాలక్షేపం. ఇతనికి అదంటే అసహ్యం. ఒకరోజు ఫ్రెండ్స్ లాక్కెళ్ళారు. నన్ను లాక్కెళ్ళగలరేమో గానీ నా మనసుని లాక్కెళ్ళలేరని ధీమాగా పోయి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. గోదాలో ఒకడు పడ్డాడు, జనం హోరెత్తారు. చూసినంత మాత్రాన లొంగుతానా అనుకుని కళ్ళు తెరిచాడు. ఇక చూపు తిప్పుకోలేకపోయాడు. అందరితో కలిసి అరిచాడు. తర్వాత్తర్వాత తనే వేరేవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. ఇదంతా రాసిపెట్టింది అతని స్నేహితుడు అగస్టీన్. చెవులు కూడా మూసుకుని ఉంటే బాగుండేదంటాడు! దేవుని మీద కాకుండా తన మీదే నమ్మకం పెట్టుకోవడం వల్ల పడ్డాడని ఆయన లెక్క.

రీల్స్ దగ్గర మనదీ అదే ధీమా. ఛీ అనుకుంటూ చివరిదాకా చూస్తాం. మన ఛీ యాప్‌కి వినపడదు. ఎంతసేపు ఆగామన్నది చూసుకుని, అలాంటిదే ఇంకోటి తెస్తుంది.

అలాగని సినిమా, నాటకం అన్నీ సాతాను సరుకేనా? బైబిల్లోని దానియేలు బబులోనుకి బందీగా వెళ్ళి, అక్కడి కల్దీయుల విద్య అంతా నేర్చుకున్నాడు. రాజు భోజనం మాత్రం ముట్టనని ముందే తీర్మానించుకున్నాడు. పళ్ళెం ముందు కూర్చున్నాక ఆలోచించలేదు. చెడు స్నేహాల గురించి పౌలు కొరింథు సంఘానికి రాసిన మాట, గ్రీకు నాటకకర్త మెనాండర్‌దని చెప్తారు. పెద్దలు ఈ సంగతి కూడా కాస్త గమనించాలి.

ఇంకోటి. మన సంఘాల్లో హీరోయిన్ బట్టల మీద ఉన్నంత కోపం, వద్దన్న అమ్మాయి వెంటపడే హీరో మీద కనపడదు. పగ తీర్చుకునే సీనుకి మనమూ ఈల వేస్తాం. మత్తయి 5వ అధ్యాయం తీయండి. మోహపు చూపు, ప్రతీకారం, రెండింటి గురించీ ప్రభువు అక్కడే మాట్లాడాడు.

(తెర మీద: 7+, 13+, 16+, ఎ.)

తల్లిదండ్రులకి ఒక మాట. ఓటీటీ సిరీస్‌లు సెన్సార్ బోర్డుకి వెళ్ళవు. 2021 నిబంధనల ప్రకారం వయసు గుర్తులు కంపెనీలే వేసుకుంటాయి. 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ ఇవ్వాలి. మన ఇళ్ళల్లో ఆ పిన్ పెట్టేది చాలాసార్లు పిల్లాడే! పైగా బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ఫోన్‌లో హిందీ. పక్కనే కూర్చున్న అమ్మకి ఆ డబుల్ మీనింగ్ డైలాగు అర్థం కాదు. పక్కన కూర్చుని "ఇప్పుడేమన్నాడ్రా?" అని అడగండి. లాక్ కంటే అదే బాగా పనిచేస్తుంది.

ఇక బరంపురం హాస్టల్లో ఉన్నవాళ్ళు. రూమ్మేట్లు రాత్రి లాప్‌టాప్ తెరిస్తే ప్రసంగం మొదలెట్టకండి. దానియేలు కూడా తన మీద ఉన్న అధికారిని తిట్టలేదు, రాజు భోజనం బదులు కూరగాయలు పెట్టి పది రోజులు పరీక్షించి చూడమని మర్యాదగా అడిగాడు. "నేను చూడన్రా, మీరు కానివ్వండి" అని టీకి వెళ్ళండి. ఎందుకు చూడవని వాళ్ళే అడిగిన రోజున చెప్పొచ్చు.