ఎపిసోడ్ 31: ట్రీట్‌మెంట్ అయిపోయింది కదా, ఇంకేటి?

తమ్ముడు: నమస్తే నమస్తే. ఆ చప్పుడు ఫ్యాన్‌ది. పోయినసారిలాగ సముద్రం అనుకొని మెసేజ్‌లు పెట్టకండి. వైజాగ్‌లో ఉన్నంత మాత్రాన అందరి కిటికీలోకీ సముద్రం రాదు. మాకు బస్సులే వినపడతాయి.





అక్క: సరే సరే. ఇవాళ అనుకున్నది, చిన్న వయసులో క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళ మనసు గురించి. ఆత్మహత్య ఆలోచనల మాట కూడా వస్తుంది. ఇప్పుడు వినే ఓపిక లేకపోతే ఆపేసి ఇంకోరోజు వినండి, ఏం పర్లేదు. మూడు పాయింట్లు రాసుకున్నాను. మొదటిది...

తమ్ముడు: ముందు మురీ మిక్చర్.

అక్క: మొదలెట్టేడు.

తమ్ముడు: కాదక్కా, సంబంధం ఉంది. ల్యుకేమియాకి, అదే రక్త క్యాన్సర్‌కి, రెండున్నరేళ్ళు మందులు వాడేను కదా. రక్తకణాల కౌంట్లు పడిపోతాయని బయట తిండి బంద్, పచ్చి ఉల్లిపాయ బంద్. ఆ రెండున్నరేళ్ళూ నాకు ఒక్కటే లక్ష్యం. ఆర్కే బీచ్‌లో నిలబడి, ఉల్లిపాయా మామిడి తురుమూ దండిగా వేయించుకొని ఒక పొట్లాం తినడం. ఆఖరి మాత్ర వేసుకున్న వారమే వెళ్ళేను. తిన్నాను. బావుంది. పొట్లాం కాగితం చేతిలో పట్టుకొని, ఇప్పుడేటి చెయ్యాలి అనుకున్నాను. ఏటీ తోచలేదు.

అక్క: ఇంట్లో మేం కేకు కోసేం ఆరోజు.

తమ్ముడు: "గెలిచేసేవురా" అని రాయించేరు. గెలిచినోడు ఏడిస్తే బావోదు కదా. అంతవరకూ రోజూ ఎవరో ఒకరు రక్తం తీసి, ఎలా ఉందమ్మా అని అడిగేవారు. అయిపోయాక, ఇంక మూడు నెల్లకి రండి అన్నారు. నేను జబ్బు పోయిందని దిగులు పడ్డాను, నమ్ముతావా?

అక్క: ఇదే నా మొదటి పాయింట్, చెప్పనీ. అమెరికాలో 2010లో ఒక అధ్యయనం వచ్చింది. 21 ఏళ్ళలోపు క్యాన్సర్ వచ్చి, బతికి పెద్దవాళ్ళయిన 9 వేల మందిని అడిగేరు. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిందన్నవాళ్ళు 7.8 శాతం. పోల్చడానికి వాళ్ళ తోబుట్టువుల్ని అడిగితే 4.6 శాతం. ఏ మందులు వాడేరన్నది కాదట, ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది, నొప్పులున్నాయా, దాన్నిబట్టి ఉంది. ఆలోచన వచ్చినోళ్ళందరూ ఏదో చేసేసుకుంటారని కాదు. కానీ తగ్గిపోయింది కదా అని వదిలెయ్యకూడదు. నాకైతే అప్పుడే నీ మీద అనుమానం...

తమ్ముడు: అనుమానమొచ్చి ఫోన్ తీసి చూసేవు.

అక్క: అది ఇక్కడెందుకు?

తమ్ముడు: ఇక్కడే. నేను నిద్రపోతుంటే నా వేలు పెట్టి లాక్ తీసేవు. నోట్స్ అన్నీ చదివేవు.

అక్క: "ఇంకెందుకు" అని రాసుకున్నావురా! పేజీ నిండా అదే మాట. నేనేటి చెయ్యాలి?

తమ్ముడు: అడగాలి.

అక్క: ఏమని? మందులు వాడినప్పుడు నెలకి 5 రోజులు స్టెరాయిడ్ వేసేవారు. ఆ 5 రోజులూ నిద్రుండదు, అన్నం గిన్నె ఖాళీ, పలకరిస్తే కరుస్తావు. మందు కోపమేదో నీ కోపమేదో తెలిసేది కాదు. మందు ఆగేక కూడా అలాగే ఉన్నావు. పోనీ అడుగుదామంటే, లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందని భయం.

తమ్ముడు: అడిగితే పుట్టదు. నీ రెండో పాయింట్ అదే, కాగితం మీద కనపడతంది.

అక్క: ఇప్పుడు తెలుసురా. అప్పుడెవరు చెప్పేరు? డాక్టరుగారు కూడా కౌంట్లు బావున్నాయి అని ఫైలు మూసేసేవారు.

తమ్ముడు: పైగా అమ్మ పక్కింటావిడకి టైఫాయిడ్ అని చెప్పింది.

అక్క: (నవ్వు) రెండున్నరేళ్ళ టైఫాయిడ్.

తమ్ముడు: జుత్తు రాలే టైఫాయిడ్! నవ్వొస్తుంది గాని, జబ్బే లేదన్నాక జబ్బు తరవాత దిగులు ఎవరికి చెప్పుకుంటాం? మిక్చర్ బండి ఆయనొక్కడే అడిగేడు, ఏం బాబూ చిక్కిపోయేవు అని. అందుకే చెప్తున్నా, ఆయన పొట్లానికి రేటు పెంచినా నేను బేరమాడను.

అక్క: నేను చేసింది తప్పే. కానీ మళ్ళీ అలాంటిదొస్తే మళ్ళీ చూస్తాను.

తమ్ముడు: చూడవు. అడుగుతావు.

అక్క: రెండూ చేస్తాను.

తమ్ముడు: ఇదీ ఈవిడ.

అక్క: సరే, మూడో పాయింట్ గబగబా. టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416. మళ్ళీ చెప్తున్నా, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. 2022 అక్టోబరు నుంచి ఉంది, 24 గంటలూ, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్ళూ చెయ్యొచ్చు. పరిస్థితి మరీ బాలేదనిపిస్తే మనిషిని ఒంటరిగా వదలకుండా దగ్గర్లో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళిపోండి. వాల్తేరు మానసిక ఆసుపత్రి అంటే మన ఊళ్ళో వెటకారాలు ఉన్నాయి కదా...

తమ్ముడు: నన్నూ అన్నారు. వెళ్ళొచ్చేను. కుర్చీలో కూచోబెట్టి గంటసేపు విన్నారంతే. అయిపోయిందా?

అక్క: ఇందాక 4.6 అన్నాను చూడు.

తమ్ముడు: ఆఁ, తోబుట్టువులు.

అక్క: అందులో నేనున్నానేమోనని ఎప్పుడైనా అనుకున్నావా?

తమ్ముడు: ... లేదు. ఉన్నావా?

అక్క: ఇప్పుడు కాదు. నువ్వు ఐసీయూలో ఉన్న తొమ్మిది రోజులూ, కింద మెట్ల దగ్గర కూచొని...

తమ్ముడు: ఆగు. ఎవరికి చెప్పేవు?

అక్క: ఎవరడిగేరు?

తమ్ముడు: అక్కా, ఇది మైకు ముందు కాదు. చెప్పులేసుకో, బీచ్‌కి పోదాం. దారిలో చెప్దువుగాని.

అక్క: మిక్చర్‌కేనా?

తమ్ముడు: వినడానికి. మిక్చర్ కూడా. ఇదెలా ఆపాలి, పక్కనున్నదా...